కంప్యూటర్ నాకు, పెట్టె వాడికి

14 మే 2004, శుక్రవారం

తౌసిఫ్ పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుని కంప్యూటర్‌ను దారికి తెచ్చాడు. పది రోజులుగా ఆన్ చేసిన నిమిషానికే ఆగిపోయేది, మళ్ళీ తనంతట తానే మొదలయ్యేది. పాత విండోస్ మొత్తం తుడిచేసి కొత్తగా వేశాడు. నా లెక్కల పుస్తకం క్షేమం. పదో తరగతి పిల్లల కోసం రెండేళ్ళుగా ఒంటి వేలితో కొట్టిన నూట ఎనభై పేజీలు. తౌసిఫ్ తుడుస్తున్నంతసేపూ అది పోయిందేమో అని నాకు ముద్ద దిగలేదు.

అంతా బాగుంది గానీ తెర కింద మూలలో ఒక బుడగ లేస్తోంది. ముప్పై రోజుల్లోపల యాక్టివేట్ చేసుకోవాలట. చేసుకోకపోతే ఆ తర్వాత లోపలికి రానివ్వదట. తౌసిఫ్ కొట్టిన కీ ఊరంతా వాడేసిన కీ, దానికి ఇక యాక్టివేషన్ రాదు. బుడగే రాని సీడీ ఒకటి అంగట్లో ఉంది, సాయంత్రం తెచ్చి వేస్తాను సార్ అన్నాడు. వద్దన్నాను. కాపీ కొట్టిన పేపర్ల మీద ఇరవై ఆరేళ్ళుగా సున్నాలు వేస్తున్నవాణ్ణి, నా ఇంట్లో నేను దొంగ కీ పెట్టుకుంటానా?

మా కంప్యూటర్‌కు అసలు కీ ఉంది. దర్జాగా కొన్నది. కీ మార్చుకునే చోటు కూడా అందులోనే ఉందని తౌసిఫ్ చూపించి పోయాడు. విండోస్ సీడీ వచ్చిన పెట్టె వెనకాల నారింజ రంగు చీటీ మీద ఉన్న ఇరవై అయిదు అక్షరాలు కొడితే సరిపోతుంది.

పెట్టె ఓబుళేసు ఇంట్లో ఉంది.

15 మే, శనివారం

29.

ఈశ్వరి అడిగింది, పక్కింట్లోనే ఉంది కదా, గోడ మీది నుంచి పిలిచి అడిగితే ఏం పోతుందని. పంపకంలో అది వాడి పాలికి పోయింది. ఒకరి పాలి జోలికి ఒకరు పోరాదని కాగితం మీద ఇద్దరమూ సంతకాలు పెట్టాం. అదే చెప్పాను. "తమ్ముని దగ్గర చీటీ చూసి రాసుకునేకి గూడా కాగితమేనా?" అంది.

ఆమెకు కాగితం విలువ తెలియదు.

16 మే, ఆదివారం

ట్యాంకర్ దగ్గర బిందెల వరసలో ఈశ్వరి విని వచ్చింది. ఓబుళేసు తన సగం ఇల్లు ఒక లారీ ఓనరుకు అమ్మేశాడట. బళ్ళారి పోతున్నాడట, అక్కడ ఏదో కంప్యూటర్ల అంగట్లో ఉద్యోగం. ఆషాఢం రాకముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలని జూన్ పదో తారీకు పెట్టుకున్నారట.

మంచిదే. ఎవరి బతుకు వారిది. నాకు చెప్పాలన్న మర్యాద వాడికి లేకపోయాక నాకు ఎందుకు?

18 మే, మంగళవారం

ఎండ మండిపోతోంది. పుస్తకంలో త్రికోణమితి అధ్యాయం దిద్దుదామని కూర్చున్నాను. బుడగ లేచింది. 26 అంది. దాన్ని మూసేశాను. గంట తర్వాత మళ్ళీ లేచింది.

నాయన పోయిన మూడో నెలలో పాళ్ళు పంచుకున్నాం, 2002 మేలో, సరిగ్గా ఈ రోజుల్లోనే. నాయన స్నేహితుడు శ్రీరంగప్ప మామ మధ్యలో కూర్చున్నాడు. పెద్దవాడు కుప్పలు వేయాలి, చిన్నవాడు ఏరుకోవాలి. మా వైపు అన్నదమ్ముల పంపకాలు ఇలాగే జరుగుతాయి. తక్కువ కుప్ప వేస్తే అది తన నెత్తికే రావచ్చు కాబట్టి పెద్దవాడు మోసం చేయలేడు. లెక్కల మాస్టారుగా నాకు ఈ పద్ధతి మీద ఎప్పుడూ గౌరవమే.

ఒక కుప్పలో తూర్పు సగం, కంప్యూటర్, బీరువా వేశాను. రెండో దాంట్లో పడమటి సగం, పెరట్లోని బోరు, మోటారు, స్కూటరు. అప్పుడు శ్రీరంగప్ప మామ కంట్లో విండోస్ పెట్టె పడింది. ఓబుళేసు బెంగళూరులో కంప్యూటర్లు అమ్మే కంపెనీలో ఉన్నప్పుడు కంప్యూటర్‌తో పాటు తెచ్చింది. లోపల మెరుపుల సీడీ, దళసరి పుస్తకం. ధర ఎంత అని అడిగాడు మామ. ఓబుళేసు చెప్పాడు. మామ నోరు తెరిచాడు. అంత ఖరీదు సామాను కంప్యూటర్ కింద ఊరికే ఎట్లా పోతుంది, అదొక సామాను, లెక్కలోకి రావాలి అని దాన్ని తీసి రెండో కుప్పలో పెట్టాడు. కుప్పలు సమానమైనట్టు కనిపించాయి. నేను తల ఊపాను. ఎద్దును ఒకరికీ దాని ముకుతాడును ఒకరికీ పంచిన పెద్దమనుషులం మేము.

ఓబుళేసు రెండో కుప్ప ఏరుకున్నాడు. వాడికి ఆ పెట్టె సంగతి తెలుసు కదా. తెలిసీ నవ్వాడు. "కావల్సినప్పుడు మా ఇంటికే వస్తావులే అన్నా" అన్నాడు.

ఎంత ముందుచూపు! ఒక రోజు నేను వాడి గడప తొక్కి చేయి చాచాలని అప్పుడే అనుకున్నాడు.

19 మే, బుధవారం

25. పోయేది లేదు.

23 మే, ఆదివారం

తౌసిఫ్ దారిలో కనిపించి బుడగ సంగతి అడిగాడు. ఆ సీడీ జేబులోనే ఉంది, పది నిమిషాల పని అన్నాడు. తాడిపత్రిలో ఏ ఇంట్లోనూ ఆ పెట్టె లేదట, మీరొక్కరే సార్ కీ కోసం ఇంత పట్టుదలగా ఉన్నది అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది.

ఇంటికి వచ్చి ఈశ్వరికి చెప్పాను. ఆమె చేట దించకుండానే అంది. "ఆ పిల్లోడు ఊరికే ఇస్తానంటాంటే వద్దంటివి. నీకు కావల్సింది కీ కాదులే."

కీ కాక ఇంకేం కావాలి నాకు? ఆడవాళ్ళకు ప్రతిదాంట్లోనూ ఇంకేదో కనిపిస్తుంది.

27 మే, గురువారం

17.

గోడ అవతల ఏదో విప్పుతున్న చప్పుడు. ఓబుళేసు బండల పాలిషింగ్ మిషన్ను కొనేవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. నలుగురు మోశారు. ఖాళీ అయిన చోట తెల్లటి రాతిబురద ఎండి పెచ్చులు లేచి ఉంది. నాపరాళ్ళ గోడ నా ఎదకు కూడా రాదు, చూడకూడదనుకున్నా కనిపిస్తుంది.

మిషన్ పోయేటప్పుడు మారెక్క అక్కడ నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లోపలికి పోయింది. మరదలు అలా పోతే బావ మీద గౌరవమని అనుకోవచ్చు. ఆమె చూపు అది కాదు.

30 మే, ఆదివారం

14.

ఈ మాట ఒక్కసారి సూటిగా రాసుకోవాలి. బోరు ఎండడంలో నా తప్పు లేదు. ఓబుళేసు బెంగళూరు ఉద్యోగం వదులుకుని వచ్చి పెరట్లో పాలిషింగ్ మిషన్ పెట్టుకున్నాడు. బండలు నున్నగా కావాలంటే రాయి మీద నీళ్ళు ఆగకుండా పారుతూ ఉండాలి. ఎనిమిది నెలలు పారాయి. 2003 ఫిబ్రవరిలో బోరు ఒట్టిపోయింది. ట్యాంకర్లు కొని కొన్నాళ్ళు లాగాడు. జిల్లా మొత్తం మీద ఆ ఏడాది ఎన్ని బోర్లు ఎండాయో ఎవరు లెక్కపెట్టారు? శింగనమల చెరువే ఎండి, అందులో పిల్లలు ఆటలాడుకున్నారు. ఎండింది మాది ఒక్కటే కాదు.

బోరు ఎండిన వారమే మారెక్క మా వాకిట్లోకి వచ్చి అందరూ వినేలా అడిగింది, నీకు ముందే తెలుసు కదా బావా అని. నాకెట్లా తెలుస్తుంది, భూమి లోపల నేను చూసి వచ్చానా అన్నాను. అంతే. ఆ రోజు నుంచి ఓబుళేసు నాతో మాట్లాడటం మానేశాడు. పదిహేను నెలలు.

నాకు తెలియదు.

1 జూన్, మంగళవారం

12. నాకు తెలియదు అని రాసిన పేజీ ఇవాళ మళ్ళీ చదివాను. ఎవరూ అడగని చోట ఎందుకు రాసుకున్నాను?

3 జూన్, గురువారం

బీరువా పైనుంచి 2002 డైరీ దించాను. దుమ్ము తుడిచి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఏప్రిల్ తీశాను. నా దస్తూరీయే. సున్నం కొట్టినట్టు శుభ్రంగా రాశాను.

ఏప్రిల్ 11: మోటారు ఇరవై నిమిషాలకే నీళ్ళు అందక గాలి పీల్చింది. రెండు గంటలు ఆగి వేస్తే మళ్ళీ ఇరవై నిమిషాలు.

ఏప్రిల్ 19: పావుగంట.

ఏప్రిల్ 30: పన్నెండు నిమిషాలు. మూడు వారాల్లో ఎనిమిది నిమిషాలు తగ్గింది. ఈ లెక్కన వచ్చే వేసవిని చూడదు. ఓబుళేసు ఫోన్ చేశాడు. బోరు తనకు వస్తే పాలిషింగ్ మిషన్ పెడతానన్నాడు. బోరు గురించి నేనేమీ అనలేదు. పంపకం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పనవసరం లేదు.

చెప్పనవసరం లేదు. అంత నీటుగా రాశాను.

అన్న కుప్పలు వేస్తే తమ్ముడు ఏరుకునే పద్ధతిలో ఒక లోపం ఉంది. ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతూ కూడా నేను దాన్ని పైకి అనలేదు. ఇద్దరికీ ఒకే సంగతులు తెలిసి ఉండాలి. ఒకడు ఆ ఇంట్లోనే ఉండి రోజూ మోటారు వేసేవాడైతే, ఇంకొకడు బెంగళూరులో ఉంటే, అది పంపకం కాదు. నేను కంప్యూటర్ మీద మనసుపడి, చచ్చిపోతున్న బోరును వాడి వైపు జరిపాను. వాడు నన్ను నమ్మి ఉద్యోగం వదులుకున్నాడు. నేను నా తమ్ముణ్ణి మోసం చేశాను.

మధ్యాహ్నం అన్నం తినలేదు. ఈశ్వరి అడిగితే ఎండ అన్నాను.

4 జూన్, శుక్రవారం

9.

5 జూన్, శనివారం

మూడు సార్లు గోడ దాకా పోయి వచ్చాను. ఒకసారి మంచినీళ్ళ తొట్టి చూసినట్టు, ఒకసారి వేపపుల్ల కోసం, మూడోసారి ఏమీ లేకుండానే.

ఒప్పుకుంటున్నాను. తౌసిఫ్ సీడీని మొదటి రోజే వేయించుకుని ఉండొచ్చు. నా నిజాయితీ ఎంతటిదో 2002 డైరీలో ఉంది. వాడి గడప తొక్కడానికి నాకు ఒక సాకు కావాలి, ఈ బుడగ తప్ప నాకు సాకు లేదు. దానికీ గడువు ఉంది, వాడికీ గడువు ఉంది. వాడి గడువే ముందు.

6 జూన్, ఆదివారం

ఇది వివరంగా రాయాలి. ఏదీ వదలకూడదు.

పది గంటలప్పుడు గోడ దగ్గర నిలబడి ఓబుళేసూ అని పిలిచాను. గొంతు పెద్దగా వచ్చింది, బడిలో పిలిచినట్టు. వాడు బనియన్ మీదే బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిసిపోయాయి. నాకంటే పదకొండేళ్ళు చిన్న. కంప్యూటర్, విండోస్, కీ అని గడగడా చెప్పాను. వాడు లోపలికి పోయి నిమిషంలో పెట్టెతో వచ్చాడు. సామాను సర్దుతున్న ఇంట్లో అంత తొందరగా ఎలా దొరికిందో.

చదువు, రాసుకుంటాను అన్నాను. ఇరవై అయిదు అక్షరాలు గోడ దగ్గర నిలబడి చదివేది ఎందుకు, నేనే వచ్చి కొడతాను అన్నాడు. గోడ చుట్టూ తిరిగి రాలేదు. చిన్నప్పటిలా చేయి ఆనించి దూకాడు.

కంప్యూటర్ ముందు కూర్చోగానే వాడు వేరే మనిషి అయ్యాడు. కీ కొట్టాడు. తీసుకుంది. కానీ యాక్టివేషన్‌కు ఫోన్ చేయాలంది. తెర మీద ఆరారు అంకెల గుంపులు తొమ్మిది కనిపించాయి. నేను చదువుతుంటే వాడు ఫోన్ మీద నొక్కాడు. లెక్కల మాస్టారుకు అంకెలు చదవడం ఒక పనా? అయినా రెండుసార్లు తడబడ్డాను. అవతల మిషన్ గొంతు ఏదో చెప్పింది. మనిషికి కలుపుతారట, ఆగాలి అన్నాడు ఓబుళేసు. స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టాడు. సంగీతం మొదలైంది. ఈశ్వరి రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి పెట్టి, మా ఇద్దరినీ చూసి, వంటింట్లోకి పోయి మళ్ళీ రాలేదు.

సంగీతం ఎంతసేపు మోగిందో తెలియదు. ఇది అయిపోతే వాడు లేచి పోతాడు అని మాత్రం తెలుసు.

"బోరు ఎండిపోతాదని నాకు తెలుసు" అన్నాను. "పంచుకునే ముందే తెలుసు. ఏప్రిల్‌లోనే గాలి పీలుస్తాండె. నీకు చెప్పలే."

వాడు తెర వైపే చూస్తున్నాడు. మౌస్ మీద చేయి అలాగే ఉంది. సంగీతం మోగుతూనే ఉంది. నేను ఇంకా ఏదో చెప్పబోయాను, డైరీ చూపిస్తాను అన్నాను కూడా. సిగ్గులేనితనం. దాన్ని చూసి వాడు ఏం చేసుకుంటాడు?

అప్పుడు ఫోన్‌లో అమ్మాయి వచ్చింది. వాడు రిసీవర్ తీసుకుని ఇంగ్లీషులో మాట్లాడాడు. ఈ విండోస్ ఎన్ని కంప్యూటర్లలో వేశారు అని అడిగిందట. ఒకటే అన్నాడు. ఎక్కడుంది అది అని ఆమె అడగకపోయినా, మా అన్న ఇంట్లో అన్నాడు. ఆమె అంకెలు చెబుతుంటే ఒక్కొక్కటీ కొట్టాడు. నలభై రెండు అంకెలు. ఒక్కటీ తప్పు పోలేదు. బుడగ పోయింది.

కాఫీ తాగలేదు. పెట్టెను కంప్యూటర్ పక్కన పెట్టి లేచాడు. వాకిలి దగ్గర ఆగాడు.

"ఏడాది పైన మారెక్కతో కొట్లాడినాను అన్నా" అన్నాడు. "మాయన్న అట్లాంటోడు కాదని. తెలిసింటే నాకు చెప్పకుండా ఉండడని. నువ్వు మాట్లాడేది మానేస్తే, ఆ యమ్మి మాటకు బాధపడినాడేమోలే అనుకున్నా. కోపం తగ్గితే వస్తాడులే అనుకున్నా."

నేను మాట్లాడటం మానేశాను. వాడు కాదు. ఈ డైరీలో ఎన్నిసార్లు తిరగేసి రాసుకున్నానో. పదిహేను నెలలు వాడి కళ్ళలోకి చూడలేక నేనే తల తిప్పుకుని పోయాను.

వాడు ఈసారి గోడ దూకలేదు. వీధి వాకిలి గుండా చుట్టూ తిరిగి పోయాడు.

7 జూన్, సోమవారం

మారెక్కకు కూడా చెప్పాలి అనుకుని పోయాను. ఓబుళేసు ఇంట్లో లేడు. ఆమె గిన్నెలను గోనెసంచిలో సర్దుతోంది. నువ్వు అప్పుడు అన్నది నిజమే, నేను అబద్ధమాడాను అన్నాను. ఆమె మూతలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"నాకు తెలిసిందే కద బావా" అంది. "ఆయప్పకు తెలీకుండా ఉండింటే బాగుండు. మాయన్న, మాయన్న అని ఒక దిక్కన్నా ఉండె. రాత్రి నుంచి మాట్లాడలే."

నేను చెప్పింది వాడి కోసమా, నా గుండె బరువు దించుకోవడానికా? ఈ రెండింటిలో ఏది ఎంత అని విడదీసే లెక్క నాకు తెలియదు.

8 జూన్, మంగళవారం

బుడగ లేదు. పుస్తకం తెరవలేదు.

10 జూన్, గురువారం

రిజిస్ట్రేషన్ అయిపోయింది. లారీ ఓనరు అన్న సంతకం కూడా సాక్షిగా కావాలన్నాడట. ఓబుళేసు తనంతట తాను రాలేదు, శ్రీరంగప్ప మామతో కబురు పంపాడు. పోయాను. ఆఫీసు వరండాలో బండ మీద పక్కపక్కనే గంట కూర్చున్నాం. అమ్మొద్దు అని చెప్పాలనుకున్నాను. ఏ మొహంతో చెప్పను? నీళ్ళు లేని ఇంటిని వాడి నెత్తిన పెట్టినవాణ్ణి నేను. పేరు పిలిచారు. వాడు సంతకం పెట్టాడు. వాడి కింద నేను పెట్టాను. పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు వాడి చేయి తగిలింది.

మధ్యాహ్నం లారీలో సామాను ఎక్కించారు. మారెక్క ఈశ్వరిని పట్టుకుని ఏడ్చింది. ఓబుళేసు డ్రైవరు పక్కన ఎక్కి, నా వైపు తల ఊపాడు. అంతే.

14 జూన్, సోమవారం

బడి తెరిచారు. నిన్నటితో ముప్పై రోజులు అయిపోయాయి. కంప్యూటర్ లోపలికి రానిస్తోంది.

26 జూన్, శనివారం

లారీ ఓనరు మనుషులు గోడ ఎత్తు పెంచుతున్నారు.

ఇవాళ ఒక పిచ్చి పని చేయబోయాను. కంప్యూటర్‌లో సామాను మారిస్తే మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుందని తౌసిఫ్ ఎప్పుడో అన్నాడు. వాడి అంగట్లో పాత హార్డ్ డిస్క్, ఇంకేవో ముక్కలు ఉన్నాయి కదా, మార్పించుకుంటే ఎట్లా ఉంటుందని అడిగాను. బాగున్నదాన్ని ఎందుకు సార్ కదిలించేది అన్నాడు. ఊరికే అన్నాను. వాడికి ఏం చెప్పను, నాకు మళ్ళీ ఒక గడువు కావాలని చెప్పనా? ఇంటికి వచ్చేశాను.

4 జూలై, ఆదివారం

బళ్ళారి నంబరు ఈశ్వరి దగ్గర ఉంది. మారెక్క ఇచ్చిపోయిందట, నాకు చెప్పలేదు. అడిగితే ఇచ్చింది, నవ్వలేదు.

ఫోన్ ఎత్తే ముందు ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. కంప్యూటర్ మళ్ళీ ఆగిపోతోంది, ఏం చేయమంటావు అని అడుగుదామని. ఓబుళేసే తీశాడు. నా గొంతు గుర్తుపట్టాడు.

"ఏమైంది, మళ్ళా కంప్యూటర్ పోయిందా?" అన్నాడు.

అవునంటే చాలు. పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు.

"లేదు. కంప్యూటర్ బాగుండాది" అన్నాను. "నీతో మాట్లాడాలని చేసినా."

వాడు పెట్టేస్తాడనుకున్నాను. పెట్టేయలేదు. వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి, ఎవరో కన్నడంలో బేరమాడుతున్నారు. నేను రిసీవర్‌ను చెవికి అదిమి పెట్టుకుని ఉన్నాను. నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఊళ్ళో వాన పడిందా అని అడిగాడు.

పడలేదన్నాను. ఈడ గూడా లేదన్నాడు. మొబ్బులు పడతాయి, పోతాయి అన్నాడు. ఈడ గూడా అంతే అన్నాను. అట్లా చాలాసేపు మాట్లాడుకున్నాం.